రక్తం, ఎముక, కొవ్వు: మూడూ ఒకే కణజాలం ఎలా అవుతాయి?

ప్రశ్న: "సంయోజక కణజాలం అంటే అవయవాలను కలిపి ఉంచేది అని మా పుస్తకంలో ఉంది. అందులోనే కొవ్వు, ఎముక, రక్తం అన్నీ వేశారు. రక్తం దేన్ని కలుపుతుంది? ఒక పుస్తకంలో మూడు రకాలు అంటారు, ఇంకో దాంట్లో ఐదు అంటారు, ఏది రాయాలి? ఇంకో సందేహం కూడా ఉంది. మా అన్నయ్యకి ఆటలో మోకాలి లిగమెంట్ తెగింది. ఎముక విరిగి ఉంటే ఇంతకంటే త్వరగా కోలుకునేవాడు అన్నారు డాక్టర్ గారు. ఎముక అంత గట్టిది కదా, అది త్వరగా ఎలా అతుక్కుంటుంది?"

జవాబు:

అనాటమీ చెప్పేవాడిగా ఈ ప్రశ్న ప్రతి కొత్త బ్యాచ్ నుంచీ వింటుంటాను. తప్పు మీది కాదు, "కలిపి ఉంచేది" అన్న నిర్వచనానిది. కొవ్వు దేన్నీ గట్టిగా కలపదు, రక్తం అసలే కలపదు. ఈ కణజాలం చేసే పనిని బట్టి కాకుండా దాని నిర్మాణాన్ని బట్టి చూస్తే చిక్కు విడిపోతుంది.

చర్మం పై పొరనో, పేగు లోపలి పొరనో మైక్రోస్కోప్ కింద చూడండి. కణాలు సందు లేకుండా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. కండరంలోనూ చోటంతా దాదాపు కణాలదే. సంయోజక కణజాలంలో కణాలు దూరదూరంగా ఉంటాయి, వాటి మధ్య ఉండే పదార్థమే అసలు సరుకు. దాన్ని మాత్రిక అంటాం. మాత్రిక మెత్తగా ఉంటే ఒక రకం, తాళ్లు పేనినట్టు బిగుతుగా ఉంటే ఇంకో రకం, అందులో కాల్షియం లవణం చేరితే ఎముక, అది ద్రవంగానే ఉండిపోతే రక్తం. ఏ రకం చదివినా ముందు "కణాల మధ్య ఏముంది?" అని అడగండి. సగం పాఠం అక్కడే వచ్చేస్తుంది. పుట్టుక కూడా ఇవన్నీ ఒకచోటే: పిండంలోని మధ్యస్త్వచం (మధ్య పొర) నుంచి వచ్చే మీసెన్‌కైమ్ అనే కణాల గుంపు. (తల, ముఖంలోని కొన్ని ఎముకలు, మృదులాస్థులు మాత్రం నాడీశిఖర కణాల నుంచి వస్తాయి. డిగ్రీ స్థాయిలో అడుగుతారు, ఇంటర్‌లో అక్కర్లేదు.)

మాత్రికలో రెండు భాగాలుంటాయి: తంతువులు, వాటి చుట్టూ నిండి ఉండే జిగట మూలపదార్థం. ఈ మూలపదార్థంలో హైలురోనిక్ ఆమ్లం లాంటి పొడవాటి చక్కెర గొలుసులు ఉంటాయి. వాటి మీద ఋణావేశం ఉంటుంది కాబట్టి సోడియంను, దాని వెంట నీటిని లాగి పట్టుకుంటాయి. నొక్కుడును తట్టుకునే శక్తి ఈ నీటిది. లాగుడును తట్టుకునే శక్తి తంతువులది. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి, మృదులాస్థి దగ్గర మళ్లీ కావాలి.

తంతువుల్లో ముఖ్యమైనది కొల్లాజెన్. మన శరీరంలోని మొత్తం ప్రోటీన్‌లో దాదాపు 30 శాతం ఇదే. మూడు గొలుసులు ఒకదానితో ఒకటి పురి వేసుకుని ఉంటాయి, ఆ గొలుసులో ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసిన్. గ్లైసిన్ అన్నిటికంటే చిన్నది కాబట్టి పురి మధ్యలో ఇరుకు చోట అదొక్కటే పడుతుంది. ఆ ఒక్క చోట ఇంకో అమైనో ఆమ్లం వచ్చి కూర్చుంటే ఎముకలు ఊరికే విరిగిపోయే ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా లాంటి జబ్బు రావచ్చు. కొల్లాజెన్‌లో 28 రకాలు గుర్తించారు కానీ నాలుగు తెలిస్తే మీకు చాలు: ఒకటో రకం చర్మంలో, టెండన్‌లో, ఎముకలో; రెండోది మృదులాస్థిలో; మూడోది ప్లీహం, లింఫ్ గ్రంథుల్లోని సన్నటి రెటిక్యులర్ తంతువుల్లో; నాలుగోది ఎపిథీలియం (చర్మం పై పొర, పేగు లోపలి పొర లాంటివి) కింద ఉండే పునాది పొరలో.

ఈ పురి నిలబడాలంటే ప్రోలిన్‌కు ఒక హైడ్రాక్సిల్ గుంపు తగలాలి, ఆ చర్యకు విటమిన్ సి కావాలి. నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకు స్కర్వీ వచ్చింది ఇందుకే. 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ నౌకా వైద్యుడు రోగులను జంటలుగా విడదీసి ఒక్కో జంటకు ఒక్కో పదార్థం ఇచ్చి చూస్తే, నారింజ, నిమ్మ తిన్న జంట చప్పున కోలుకుంది. స్కర్వీలో చిగుళ్ల నుంచి రక్తం కారడం అందరికీ తెలుసు. అంతకంటే వింతైనది, ఎప్పుడో మానిపోయిన పాత గాయాలు మళ్లీ తెరుచుకోవడం. మచ్చ అంటే ఒకసారి కట్టేసి వదిలేసిన గోడ అనుకుంటాం. నిజానికి అక్కడ కొల్లాజెన్ కరుగుతూ, కొత్తది చేరుతూ ఉంటుంది. కొత్తది చేరడం ఆగితే మచ్చ విడిపోతుంది.

సాగే తంతువులు వేరే జాతి. వాటిలో ఎలాస్టిన్ ఉంటుంది, దాన్ని అమర్చే చట్రంగా ఫైబ్రిలిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఫైబ్రిలిన్ జన్యువులో లోపం ఉంటే మార్ఫాన్ సిండ్రోమ్ వస్తుంది. 1896లో ఫ్రాన్స్‌లో ఆంట్వాన్ మార్ఫాన్ వివరించిన ఈ జబ్బుకు కారణమైన జన్యువును 1991లో గుర్తించారు. ఈ రోగులకు కాళ్లూ చేతులూ వేళ్లూ బాగా పొడవు, కంటి కటకం జారిపోవచ్చు, బృహద్ధమని ఉబ్బి చీలిపోయే ప్రమాదం ఉంటుంది. కంటికీ, ఎముకకూ, గుండె దగ్గరి రక్తనాళానికీ ఏం సంబంధం అనిపిస్తుంది. మాత్రికలో ఒక ప్రోటీన్ పాడైతే అది ఉన్న చోటల్లా దెబ్బ పడుతుంది, అంతే.

ఇక రకాలు.

మొదట వదులు సంయోజక కణజాలం. దీనికి మంచి ఉదాహరణ ఏరియోలార్ కణజాలం. చర్మం కింద, రక్తనాళాల చుట్టూ, అవయవాల మధ్య సందుల్లో అంతటా ఉంటుంది. ల్యాబ్‌లో దీని స్లైడ్ దొరికితే తొందరపడకుండా చూడండి. గులాబీ రంగులో అలలు తిరిగిన వెడల్పాటి పట్టీలు కనిపిస్తాయి, అవి కొల్లాజెన్. వాటి మీదుగా అడ్డదిడ్డంగా, కొమ్మలు చీలుతూ పోయే సన్నటి నల్లని గీతలు ఎలాస్టిక్ తంతువులు. మధ్య మధ్యలో కోలగా కనబడే కేంద్రకాలు చాలావరకు ఫైబ్రోబ్లాస్టులవి, ఈ తంతువులన్నీ తయారుచేసేది అవే. ఎక్కడో ఒకచోట ముదురు రేణువులతో కిక్కిరిసి, కేంద్రకం కూడా సరిగా కనబడని కణం ఒకటి తగులుతుంది. అది మాస్ట్ కణం. పాల్ ఎర్లిక్ విద్యార్థిగా ఉండగానే, 1878లో, దాన్ని వర్ణించి పేరు పెట్టాడు. ఆ రేణువుల్లో హిస్టమిన్, హెపారిన్ ఉంటాయి. ఎలర్జీ వచ్చినప్పుడు దద్దుర్లు లేచేది ఆ హిస్టమిన్ వల్లనే. రక్తనాళాల నుంచి కారిన నీరు చేరేది కూడా ఈ వదులు పొరలోనే, కాళ్ల వాపు మీద వేలితో నొక్కితే గుంట పడేది ఇక్కడే. చర్మం కింద ఇచ్చే ఇన్సులిన్ కూడా చర్మానికీ కండరానికీ మధ్య ఉండే ఈ మెత్తటి పొరలోకే, కొవ్వులోకే వెళ్తుంది.

కొవ్వు కణజాలం నిజానికి వదులు కణజాలంలో ఒక రకమే, కానీ మాత్రిక తక్కువ, కణాలే ఎక్కువ. నేను చెప్పిన సూత్రానికి ఇదొక మినహాయింపు. తెల్ల కొవ్వు కణంలో ఒకే పెద్ద కొవ్వు బొట్టు ఉండి కేంద్రకాన్ని ఒక మూలకు నెట్టేస్తుంది. స్లైడ్ తయారీలో కొవ్వు కరిగిపోతుంది కాబట్టి ఖాళీ గదుల్లా కనిపిస్తాయి. ఇది వట్టి గోదాము అనుకునే రోజులు 1994తో పోయాయి. ఆ ఏడాది జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ను కనుగొన్నాక, కొవ్వు కూడా హార్మోన్లు పంపే అవయవమేనని ఒప్పుకోక తప్పలేదు. గోధుమ రంగు కొవ్వు వేరు. చిన్న చిన్న బొట్లు, బోలెడు మైటోకాండ్రియా, పని వేడి పుట్టించడం. పుట్టిన బిడ్డల్లో భుజాల మధ్య ఉంటుంది. పెద్దవాళ్లలో ఉండదని చాలాకాలం రాశారు. 2009లో వచ్చిన స్కాన్ అధ్యయనాల తర్వాత ఆ మాట మారింది, మీ పుస్తకం పాతదైతే సరిదిద్దుకోండి.

రెటిక్యులర్ కణజాలం గురించి ఒక్క మాట: ప్లీహం, లింఫ్ గ్రంథులు, ఎముక మజ్జల్లో రక్తకణాలు కూర్చునే వల అది. వెండి రంగు అద్దకం వేస్తేనే కనబడుతుంది.

తర్వాత దట్టమైన సంయోజక కణజాలం. తంతువులు ఎక్కువ, మూలపదార్థం తక్కువ. తంతువులు అన్ని వైపులా అల్లుకుంటే క్రమరహితం. చర్మం లోపలి పొర, మూత్రపిండం మీది తొడుగు, కంటి తెల్లగుడ్డు అలాంటివే. లాగుడు ఏ వైపు నుంచైనా రావచ్చు కాబట్టి అల్లిక అలా ఉంటుంది. తంతువులన్నీ ఒకే దిశలో పేర్చుకుంటే క్రమసహితం. కండరాన్ని ఎముకకు కట్టేది టెండన్, ఎముకను ఎముకకు కట్టేది లిగమెంట్. మడమ వెనక వేళ్లతో పట్టుకుంటే గట్టి తాడులా తగిలేది మీ శరీరంలోకెల్లా లావైన టెండన్. పిక్క కండరం లాగుడు దాని ద్వారానే మడమకు చేరుతుంది. లిగమెంట్‌లో తంతువుల అమరిక టెండన్‌లో ఉన్నంత తిన్నగా ఉండదు, ఎందుకంటే కీలు కొంచెం అటూ ఇటూ కూడా కదులుతుంది. లిగమెంట్లన్నీ కొల్లాజెన్‌వే కావు. వెన్నుపూసల వెనక భాగాలను కలిపే పసుపు రంగు లిగమెంట్లలో ఎలాస్టిన్ ఎక్కువ. వంగి లేచినప్పుడు అవి సాగి మళ్లీ ముడుచుకుంటాయి.

ప్రాక్టికల్స్‌లో టెండన్ స్లైడును నునుపు కండరం అనుకుని రాసేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. తేడా కేంద్రకాల దగ్గర చూడాలి. టెండన్‌లో కేంద్రకాలు తంతువుల మధ్య ఇరుకు సందుల్లో నలిగి, సన్నగా, వరసగా ఉంటాయి. నునుపు కండరంలో కేంద్రకం కణం లోపలే, కాస్త బొద్దుగా ఉంటుంది.

టెండన్ గురించి నాకు బాగా నచ్చిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1950లు, 60లలో జరిపిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పెరిగింది, తర్వాత తగ్గుతూ వచ్చింది. ఒక కణజాలంలో అది ఎంత ఉందో చూస్తే ఆ కణజాలం ఏ కాలంలో తయారైందో లెక్క కట్టవచ్చు. స్వీడన్‌లో 2008లో ఈ పద్ధతిలో చూస్తే కొవ్వు కణాల్లో ఏటా దాదాపు 10 శాతం కొత్తవి వస్తున్నాయని తేలింది. డెన్మార్క్‌లో 2013లో మడమ టెండన్ మధ్యభాగం చూస్తే, అది మనిషికి సుమారు 17 ఏళ్లు వచ్చేలోపు తయారైనదే, ఆ తర్వాత దాదాపుగా మారలేదు. అంటే అరవై ఏళ్లాయన నడిచేది చిన్నప్పుడు పేనిన తాళ్ల మీదే. టెండన్ దెబ్బ తింటే ఎందుకు అంత మొండికేస్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. కణాలు చిన్న గుంటల్లో ఒకటిగానో, రెండు మూడు కలిసో కూర్చుంటాయి, ఆహారం మాత్రికలోని నీటి ద్వారా మెల్లగా ఇంకుతూ వాటిని చేరాలి. మూడు రకాలున్నాయి. ముక్కు, శ్వాసనాళం ఉంగరాలు, పక్కటెముకల ముందు కొసలు, కీళ్లలో ఎముకల చివర్లు: ఇవి హయలిన్ రకం. స్లైడులో గాజులా నున్నగా, తంతువులే లేనట్టు కనిపిస్తుంది. కొల్లాజెన్ ఉంది, కానీ అది కాంతిని వంచే తీరు చుట్టూ ఉన్న మూలపదార్థంతో సరిపోవడం వల్ల కంటికి ఆనదు. రెండోది ఎలాస్టిక్ రకం. చెవి పైభాగాన్ని మడిచి వదలండి, వెంటనే యథాస్థానానికి వస్తుంది. కింది తమ్మెలో మృదులాస్థి లేదు, కొవ్వూ నార కణజాలమూ మాత్రమే, అందుకే అంత మెత్తన. మూడోది నార మృదులాస్థి, మోకాల్లోని మెనిస్కస్ అనే మెత్తలో, వెన్నుపూసల మధ్య డిస్కుల బయటి వలయంలో ఉంటుంది. నొక్కుడూ లాగుడూ రెండూ ఒకేచోట పడే స్థలాలివి, కాబట్టి నీటిని పట్టే మూలపదార్థమూ, మందపాటి కొల్లాజెన్ కట్టలూ రెండూ కావాలి. డిస్కు నడిమి భాగం నీరు పట్టిన జెల్. పగలంతా శరీర బరువు మోసి కొంత నీరు వదులుతుంది, రాత్రి పడుకున్నాక మళ్లీ పీల్చుకుంటుంది. పొద్దున లేవగానే ఎత్తు కొలుచుకుంటే సాయంత్రం కంటే సుమారు ఒక సెంటీమీటరు ఎక్కువ వస్తుంది.

ఎముకలో కథ మారుతుంది. ఒక సన్నటి కోడి ఎముకను శుభ్రం చేసి వెనిగర్‌లో వేసి, మధ్యమధ్యలో వెనిగర్ మారుస్తూ కొన్ని రోజులు ఉంచండి. ఆకారం అదే ఉంటుంది, కానీ రబ్బరులా వంగుతుంది. ఆమ్లం ఖనిజాన్ని కరిగించేసింది, మిగిలింది కొల్లాజెన్. దీనికి వ్యతిరేకంగా ఎముకను బాగా కాల్చితే కొల్లాజెన్ పోయి ఖనిజం మిగులుతుంది. ఆకారం చెడదు కానీ వేళ్లతో నలిపితే పిండి అయిపోతుంది. గట్టితనం హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ లవణానిది, విరగకుండా ఓర్చుకునే గుణం కొల్లాజెన్‌ది. ఎండిన ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజమే. చిన్నపిల్లల్లో ఖనిజం వాటా కాస్త తక్కువ, అందుకే వాళ్ల ఎముక ఒక్కోసారి పూర్తిగా విరగకుండా పచ్చి కొమ్మలా ఒక పక్కే చీలుతుంది.

అంత గట్టి పదార్థంలో ఆహారం ఇంకలేదు. కాబట్టి ఎముక నిండా సన్నని కాలువలుంటాయి. 1691లో క్లాప్టన్ హావర్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు తన పుస్తకంలో వీటిని వర్ణించాడు, ఆయన పేరే వాటికి స్థిరపడింది. ప్రతి కాలువలో రక్తనాళం, చుట్టూ వలయాలుగా ఎముక పొరలు, పొరల మధ్య గుంటల్లో అస్థికణాలు. ఏ కణమూ సాధారణంగా రక్తనాళానికి 0.2 మిల్లీమీటర్లు మించి దూరంగా ఉండదు. ఒకవైపు ఆస్టియోక్లాస్టులు పాత ఎముకను కొరికేస్తుంటే, వెనకాలే ఆస్టియోబ్లాస్టులు కొత్తది కడుతుంటాయి. పెద్దవాళ్లలో ఏటా అస్థిపంజరంలో దాదాపు 10 శాతం ఇలా మారుతుంది. ఎండిపోయిన వస్తువులా కనబడే ఎముక, లిగమెంట్ కంటే ఎన్నో రెట్లు చురుకైన కణజాలం.

ఇక మీరు నిలదీసిన రక్తం. మాత్రిక ప్లాస్మా, పరిమాణంలో దాదాపు 55 శాతం. మిగతాది కణాలు. పుట్టుక అదే మీసెన్‌కైమ్ నుంచి. తంతువులేవి అంటారా, ఫైబ్రినోజెన్ రూపంలో కరిగి ఉన్నాయి, గాయమైతే ఫైబ్రిన్ దారాలుగా బయటికొస్తాయి. పరీక్షలో ఈ మూడు కారణాలూ రాస్తే పూర్తి మార్కులు వస్తాయి. నా వరకు ఒక అభ్యంతరం ఉంది: మిగతా చోట్ల మాత్రికను అక్కడి కణాలే తయారుచేస్తాయి, ప్లాస్మాలోని ప్రోటీన్లను మాత్రం చాలావరకు కాలేయం తయారుచేస్తుంది, రక్తకణాలు కాదు. అందుకే కొందరు రక్తాన్ని ఈ వర్గంలో పెట్టడానికి ఇష్టపడరు. వాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. లింఫ్‌దీ ఇదే దారి.

సంఖ్య గొడవకు వద్దాం. అసలైన సంయోజక కణజాలం (వదులు, దట్టం), ఆధారాన్నిచ్చేది (మృదులాస్థి, ఎముక), ద్రవ రూపం (రక్తం, లింఫ్) అని విడదీస్తే మూడు. వదులు, దట్టం, మృదులాస్థి, ఎముక, రక్తం అని విడిగా లెక్కపెడితే ఐదు. పిండంలో ఉండే రకాన్ని, అంటే మీసెన్‌కైమ్, బొడ్డుతాడులోని జెల్లీ లాంటివాటిని, కలిపితే ఇంకొకటి పెరుగుతుంది. మీ సిలబస్ పుస్తకంలో ఎన్ని ఉంటే అన్నే రాయండి, దీని కోసం టెన్షన్ పడక్కర్లేదు. మెదడులో నాడీకణాలకు ఆసరాగా ఉండే గ్లియా కణాలను మాత్రం ఇందులో కలపకండి, అవి ప్రధానంగా పిండంలోని బహిస్త్వచం (బయటి పొర) నుంచి వస్తాయి. పంటి ఎనామిల్ కూడా ఇందులోకి రాదు, దాని కింద ఉండే డెంటిన్ వస్తుంది.

మీ అన్నయ్య విషయం. ఎముక విరిగితే అక్కడ రక్తం గడ్డ కడుతుంది, చుట్టూ ఉన్న పొర నుంచి కణాలు చేరతాయి, ముందు మృదులాస్థి లాంటి మెత్తటి అతుకు, తర్వాత ఎముక అతుకు, ఆ తర్వాత దాన్ని చెక్కి నునుపు చేసే పని. చాలా ఎముకలు 6 నుంచి 12 వారాల్లో అతుక్కుంటాయి. చివరికి అక్కడ మచ్చ కాదు, అచ్చమైన ఎముకే మిగులుతుంది. లిగమెంట్‌కు రక్తసరఫరా తక్కువ, మానినా మచ్చ కణజాలంతో మానుతుంది. ముందు సన్నటి మూడో రకం కొల్లాజెన్ చేరుతుంది, నెలల మీద అది ఒకటో రకంగా మారుతుంది, అయినా పాత బలం పూర్తిగా రాదు. కీలు మృదులాస్థి పరిస్థితి ఇంకా అన్యాయం. అది చెడితే మళ్లీ బాగుపడదని విలియం హంటర్ 1743లోనే రాశాడు. నేటికీ ఆ మాట చాలావరకు నిజమే.

మోకాలి లిగమెంట్లలోనూ తేడా ఉంది. లోపలి పక్కన, కీలు బయట ఉండేది తెగితే చాలాసార్లు బ్రేస్ వేసి ఉంచితేనే అతుక్కుంటుంది. కీలు లోపల, ముందువైపు నుంచి ఏటవాలుగా పోయే ఏసీఎల్ అనే లిగమెంట్ అయితే కష్టం. అది కీలు ద్రవంలో ఉంటుంది కాబట్టి రెండు కొసల మధ్య రక్తపు గడ్డ నిలబడదు, గడ్డ లేనిదే మరమ్మతు మొదలుకాదు. మీ అన్నయ్యకు తెగింది ఏదో ముందు కనుక్కోండి. ఏసీఎల్ అయి, సర్జరీ చెప్పి ఉంటే, తొడ వెనక కండరాల టెండన్‌నో, మోకాలి చిప్ప కింది టెండన్ ముక్కనో తీసి ఆ స్థానంలో బిగిస్తారు. టెండన్, లిగమెంట్ ఒకే జాతివి కావడం ఇక్కడ పనికొస్తుంది. బిగించిన ముక్కలో మొదట్లో రక్తప్రసరణ ఉండదు, పాత కణాలు చాలావరకు చనిపోతాయి. తర్వాత కొత్త రక్తనాళాలు, కొత్త ఫైబ్రోబ్లాస్టులు లోపలికి వచ్చి, కీలు మీద పడే బరువు ఏ దిశలో ఉంటే ఆ దిశలో కొల్లాజెన్ పేర్చుకుంటూ దాన్ని లిగమెంట్‌గా మారుస్తాయి. అందుకే పూర్తిగా కదలకుండా మంచం మీద ఉంచరు, కొలిచినట్టు వ్యాయామం చేయిస్తారు. ఈ మార్పు పూర్తికావడానికి ఏడాది పైనే పట్టవచ్చు, ఆటలోకి సాధారణంగా 9 నెలలలోపు పంపరు.

ఈ మధ్య అందరూ అడిగే కొల్లాజెన్ పొడి గురించి కూడా: తాగిన కొల్లాజెన్ పేగుల్లో అమైనో ఆమ్లాలుగా, చిన్న ముక్కలుగా విడిపోతుంది. అది అచ్చంగా వెళ్లి మోకాలి లిగమెంట్‌లో కూర్చోదు. దానికంటే ఫిజియోథెరపీ మానకుండా చేయడం ముఖ్యం. సర్జరీ అయ్యాక రెండో నెల దగ్గరకొచ్చేసరికి నొప్పి, వాపు తగ్గి కాలు బాగైపోయిందనిపిస్తుంది. పాత కణాలు పోయి కొత్త అల్లిక ఇంకా కుదరక గ్రాఫ్ట్ (బిగించిన టెండన్ ముక్క) బాగా బలహీనంగా ఉండేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అప్పుడు పరుగు మొదలుపెట్టొద్దని మీ అన్నయ్యకు గట్టిగా చెప్పండి.